అతిథికో చిరునామా

ఒక కంప్యూటరులో మరో కంప్యూటరు కాపురం పెట్టగలదంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పెట్టె ఒక్కటే, తెర ఒక్కటే. కాని ఆ తెరమీద ఒక కిటికీలో ఇంకో యంత్రం, తన డిస్కు తనకూ తన జ్ఞాపకం తనకూ వున్నట్టు, సర్వస్వతంత్రంగా నడుస్తూ వుంటుంది. దీన్ని వర్చువల్ మెషీన్ అంటారు. ఇదేమీ నిన్న మొన్నటి వింత కాదు సుమండీ! 1960లలోనే అమెరికాలో ఐ.బి.ఎం. వారు బీరువాలంతేసి యంత్రాలమీద ఈ గారడీ చేశారు. 1972లో దానికి వి.ఎం./370 అని పేరుపెట్టి ప్రకటించారు. 2007లో వర్చువల్‌బాక్స్ వచ్చాక అది మెల్లగా నాలాంటి తెలుగు పంతుళ్ల బల్లలమీదికి కూడా దిగింది. ఆశ్రయమిచ్చిన యంత్రాన్ని ఆతిథేయి అనీ, లోపల చేరినదాన్ని అతిథి అనీ ఆ శాస్త్రజ్ఞులు పిలుచుకుంటారు. చక్కని పేర్లు!

తెలుగు పంతులుకు దీనితో పనేమిటంటారా? 2003లో జమ్మలమడుగు, మైలవరం చుట్టుపక్కల పల్లెలు తిరిగి విసుర్రాయి పాటలు, గొబ్బిపాటలు రాసుకొచ్చాను. కడపలో ఒక డి.టి.పి. కొట్టులో వాటిని పేజ్‌మేకరులో, అను ఫాంట్లలో కంపోజు చేయించాను. ఆ రోజుల్లో తెలుగు అచ్చుకు అదే రాజమార్గం. కాగితప్రతి చెదలపాలైంది. పాడిన అవ్వల్లో చాలామంది వెళ్లిపోయారు. మిగిలింది ఒక్క సీడీ. దాన్ని కొత్త కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, కొక్కేలూ, చుక్కలూ తప్ప తెలుగన్నది కనబడదు. అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలుండే గళ్లలోనే మన అక్షరాల ముక్కలు, తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, బొమ్మలుగా కూర్చారు. ఆ ఫాంటు లేని యంత్రానికి అది తెలుగని తెలిసే దారి లేదు. యూనికోడులోనైతే ‘క’కు ఎక్కడికి పోయినా ‘క’ అనే సంఖ్యే.

కనక జరగవలసిందేమిటంటే, పాత విండోస్ ఎక్స్‌పీని అతిథిగా పిలిచి, అందులో పాత పేజ్‌మేకరు తెరిచి, పాటలు బయటికి తీసి, కొత్త యంత్రంలో యూనికోడులోకి మార్చాలి. సీడీని నేరుగా అతిథికే అందించవచ్చు, చిక్కు లేదు. లోపల తీసిన పాటలు ఈవలికి రావడం ఎలా? రెండూ ఒకే పెట్టెలో వున్నా, వాటిమధ్య దారి వేస్తేనే గాని ఒకదాన్నొకటి ఎరగవు.

దారులు ముఖ్యంగా మూడు. కర్నూలు, కడప వాళ్లం గనక కె.సి. కాలువ గట్టుమీద నిలబడి చూద్దాం. మొదటిది ‘నాట్’. వేరే చెప్పకపోతే వర్చువల్‌బాక్స్ ఇచ్చేది ఇదే. కాలువ లెక్కలో వున్నది ఆతిథేయి పేరొక్కటే. అతిథి అడిగితే ఆతిథేయి తన పేరనే నీళ్లు తెచ్చి పోస్తుంది. అతిథికి 10.0.2.15 అనే చిరునామా వుంటుంది గాని, ఆ గడప లోపలే చెల్లుబాటు. అతిథి బయటికి పిలవగలదు, బయటివాళ్లు అతిథిని పిలవలేరు. ప్రత్యేకంగా తలుపు పెడితే తప్ప ఆతిథేయి కూడా పిలవలేదు. రెండోది ‘బ్రిడ్జ్‌డ్’. అంటే అతిథికి కాలువమీద సొంత తూము. ఇంట్లోని రౌటరు మిగతా ఫోన్లకూ టీవీకీ ఇచ్చినట్టే దానికీ ఒక చిరునామా ఇస్తుంది. ఆ ఇంటి నెట్‌వర్కులో వున్నవాళ్లెవరైనా దాని తలుపు తట్టవచ్చు. మూడోది ‘హోస్ట్ ఓన్లీ’. కాలువతో ప్రమేయమే లేదు. మన బావి నుంచి మన పక్క చేనికి తవ్వుకున్న పిల్లకాలువ. ఆతిథేయికి 192.168.56.1 అనీ, అతిథికి సాధారణంగా 192.168.56.101 అనీ వస్తాయి. ఆ రెండే మాట్లాడుకుంటాయి.

ఈ అంకెలు ఎవరికి వారు వాడుకుంటే తగవులు రావా అనవచ్చు. నాలుగు భాగాల చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు మాత్రమే. లోకానికి అవి చాలవని, 10తోనూ 192.168తోనూ మొదలయ్యేవాటితో పాటు 172 వరసలో కొన్నిటిని ఇళ్ల లోపలి వాడకానికి కేటాయిస్తూ 1996లో కట్టడి చేశారు. ‘వేపచెట్టు వీధి’ ప్రతి వూళ్లోనూ వున్నట్టే.

నేను బ్రిడ్జ్‌డ్ పెడదామన్నాను. ఇంజనీరింగు చదివిన మా మేనల్లుడు ఒప్పుకోలేదు. “వద్దు మామా, ఎక్స్‌పీకి కాపలా లేదు” అన్నాడు. నిజమే. మైక్రోసాఫ్ట్ వారు 2014 ఏప్రిల్‌లో దాని ఆలనాపాలనా మానేశారు. 2017 మేలో వానాక్రై అనే పీడ, ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని కన్నంలోంచి దూరి ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు వేసి డబ్బడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాతపడ్డాయి. అలాంటి ముసలి యంత్రాన్ని తీసుకుపోయి వీధిలో కూర్చోబెట్టడమెందుకు? మూడో దారే ఖాయమైంది. ఫోల్డరు పంచుకునే ఏర్పాటు వర్చువల్‌బాక్సులోనే మరొకటి వుంది గాని, దానికి అతిథిలో అదనపు సరంజామా ఎక్కించాలి. ఆ ముసలిదానిమీద కొత్తవేవీ రుద్దకూడదని నా పట్టు.

దారి పడ్డాక ‘పింగ్’ అన్నాం. అంటే “ఓయ్, వున్నావా?” అని కేకెయ్యడం. జవాబు లేదు. అటునుంచి కేకేస్తే ఇటూ మౌనం. “పలకల్యా అంటే లేదని కాదు మామా” అని వాడు ఇంకో ఆజ్ఞ టైపు చేశాడు. ‘ఏఆర్‌పీ’ పట్టికలో 192.168.56.101 ఎదురుగా 08-00-27తో మొదలయ్యే అంకె వచ్చింది. వర్చువల్‌బాక్స్ అతిథుల నెట్‌వర్కు కార్డులకు అదే ఇంటిపేరట! మనిషి ఇంట్లోనే వున్నాడు, కేకకు మాత్రం బదులివ్వడం లేదు. రెండువైపులా ఫైర్‌వాల్ అనే కాపలావాళ్లు పింగును ఆపేస్తున్నారు. కంగారులో కాపలానంతా ఎత్తివేసేవాళ్లే ఎక్కువ, అది నాకు నచ్చదు. ఒక్క తలుపు చాలు. ఆ తలుపూ అతిథి వైపే పెట్టాం. అక్కడ చిన్న వెబ్ సర్వరు నడిపి దానికి మాత్రం అనుమతి ఇచ్చి, ఆతిథేయి బ్రౌజరులో ఆ చిరునామా కొడితే పాటల జాబితా కళ్లముందు పరుచుకుంది. కొత్త యంత్రంలో ఒక్క తలుపూ తెరవలేదు.

118 పాటలు అరగంటలో ఈవలికి వచ్చాయి. మార్చాక చూస్తే కొన్ని ఒత్తులు తారుమారయ్యాయి, కొన్ని బండిరాలు మాయమయ్యాయి. అవి నేను సరిచేసుకోగలను. ఒక విసుర్రాయి పాటలో మాత్రం ఒక మాట అటు అను ఫాంటులోనూ చెడిపోయే వుంది. కంపోజింగు నాటి పొరపాటు కావచ్చు. పాడినావిడ లేదు. ఆవిడ కోడలు పెద్దముడియంలో వుందట, ఆదివారం వెళ్లి అడగాలి.