క్లోరిన్‌ను ఆక్సిజన్ అనకండి

పోయిన ఆదివారం సంఘం హాలులో పిల్లలకు ఉప్పునీళ్ళలో కరెంటు పంపి చూపించారు. మంచి పనే. కానీ బుడగలు రాగానే "ఒక కొస హైడ్రోజన్, ఇంకో కొస ఆక్సిజన్" అని చెప్పేశారు. ఒక పాప స్విమ్మింగ్ పూల్ వాసన వస్తోందంటే ఊరుకోమన్నారు. ఏం, ముక్కు అబద్ధం చెప్తుందా?

చిక్కటి ఉప్పునీళ్ళలో పెన్సిల్ ముల్లులు పెడితే మైనస్ కొస హైడ్రోజన్ వస్తుంది. ప్లస్ కొస ఎక్కువగా వచ్చేది క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్ వాసన దానిదే. 1915లో ఈప్ర్ దగ్గర యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు కూడా అదే. బ్యాటరీతో వచ్చేది కొంచెమే, నిజం. అయినా ఏసీ కోసం కిటికీలు మూసిన గదిలో ముప్పై మంది పిల్లలను చుట్టూ వంగి చూడమంటారా? ఆక్సిజనే చూపాలంటే ఉప్పు మాని చాకలి సోడా కలపాలి.

అసలు చూడవలసినది చూపనే లేదు. మైనస్ కొస దగ్గర నీళ్ళలో కాస్టిక్ సోడా తయారవుతుంది. అక్కడ పసుపు రాసిన కాగితం ముంచితే ఎర్రబడుతుంది. మన ఇళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళలో పసుపుకు సున్నం చేసే పనే ఇది! తూత్తుకుడి ఉప్పళాల ఉప్పు ఫ్యాక్టరీలో ఏమవుతుందో ఈ ఒక్క గ్లాసులో చెప్పవచ్చు.

పైగా "సైన్సు ఇంగ్లీషులోనే వస్తుంది, తెలుగు క్లాసుకు పద్యాలు చాలు" అని కమిటీలో వాదన. మేము తమిళంలో చదివినవాళ్ళం. మిన్నార్పగుప్పు అంటే కరెంటుతో విడగొట్టడమని ఆ మాటే చెప్తుంది, బట్టీ పట్టలేదు. విద్యుద్విశ్లేషణ నోరు తిరగకపోతే "కరెంటుతో విడగొట్టడం" అనండి. ఆనోడ్, క్యాథోడ్ అని గడగడా చదివినాయన ఏది ప్లస్సో చెప్పలేకపోయారే! ఇంగ్లీషు ఏం కాపాడింది?

వచ్చే నెల పెద్ద గిన్నెలో, స్టీలు స్పూన్లతో చేస్తారట. వద్దు. స్టీలే కరిగి నీళ్ళు మురికి అవుతాయి, అందులోని క్రోమియం విషంగా మారవచ్చు. గోడ ప్లగ్గు జోలికి అసలు పోవద్దు. 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిళ్ళు, తెరిచిన కిటికీలు, నాలుగైదు నిమిషాలు చాలు. స్పూన్లే కావాలంటే హాలు తాళం మా దగ్గర ఉంది, ఇవ్వం.