మందు తగ్గిస్తే ప్రమాదం తగ్గుతుందా?

మందు అంటే తుపాకి మందు. శుక్రవారం సాయంత్రం మందు గురించైతే నాకంటే అనుభవజ్ఞులు మీలోనే బోలెడుమంది ఉన్నారు, అది వాళ్ళకే వదిలేస్తున్నా :)

అమెరికాలో కౌబాయ్ యాక్షన్ షూటింగ్ అని ఒక ఆట ఉంది. 1987లో పుట్టిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ దీనికి నియమాలు పెడుతుంది. పాతకాలం టోపీ, బూట్లు వేసుకుని, ఒక మారుపేరు పెట్టుకుని, రెండు రివాల్వర్లు, ఒక లీవర్ రైఫిల్, ఒక షాట్‌గన్‌తో ఇనప టార్గెట్లని కొట్టాలి. పోటీ అంతా గడియారంతోనే. ఒకటి తప్పితే మీ టైముకి 5 సెకన్లు కలుపుతారు. షాట్‌గన్ టార్గెట్లు చాలావరకు పడిపోయే రకం. తగిలితే చాలదు, కింద పడాలి.

దగ్గర నుంచి కొడితే అవి పడటానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు. అందుకని చాలామంది తేలిక షెల్స్ కోరుకుంటారు, కొంతమంది ఇంట్లోనే తయారు చేసుకుంటారు. మా టీములో ఒక పెద్దాయన గ్యారేజీలో ఈ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. కాల్చేసిన ఖాళీ షెల్ తీసుకుని, పాత ప్రైమర్ తీసేసి కొత్తది పెట్టి, కొలిచిన మందు పోసి, పైన వాడ్ అనే ప్లాస్టిక్ గిన్నె దించి, అందులో సీసపు గుళ్ళు నింపి, మూతి మడిచేస్తారు. లివర్ ఒకసారి లాగితే ఒక్కో అడుగు. చూడ్డానికి చాలా తేలిక. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు లాభం చూద్దాం. 12 గేజ్‌లో మామూలు ట్రాప్ షెల్‌లో సుమారు 32 గ్రాముల గుళ్ళు సెకనుకి 366 మీటర్ల వేగంతో బయల్దేరతాయి. తేలిక షెల్‌లో 25 గ్రాములు, 299 మీటర్లు అనుకోండి. వాడ్, గ్యాస్ పక్కన పెట్టి మన ఇంటర్ ఫిజిక్స్‌తో లెక్కేస్తే ద్రవ్యవేగం 64 శాతానికి తగ్గుతుంది. అదే తుపాకీలో భుజానికి తగిలే శక్తి దాని వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సుమారు 41 శాతానికి పడిపోతుంది. రోజంతా కాల్చేవాడికి, అందులోనూ వయసు మీద పడినవాడికి ఇది పెద్ద తేడా. ఇంతవరకు నాకే పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, "తేలిక షెల్లే కదా, ఇంకాస్త మందు తగ్గిస్తే పోయేదేముంది?" అనే ఆలోచన దగ్గర. మన సాఫ్ట్‌వేర్ బుర్రలకి ఇది మరీ సహజం. లోడ్ తగ్గిస్తే సర్వర్ సుఖంగా ఉంటుందని మనకి అలవాటు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, మందు కొద్దీ ప్రమాదం అనుకుంటాం. ఇక్కడ ఆ సామెత పనిచెయ్యదు.

తుపాకి మందు ఎంత బాగా మండుతుందనేది చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి ఉంటుంది. మరీ తక్కువ మందు పోసి, పైన బరువు కూడా తగ్గించేస్తే కావలసిన పీడనం రాదు, మందు సగం సగం మండుతుంది. చలికాలంలో ఇంకా కష్టం. 'ఠాప్' మనాల్సింది 'తుస్' మంటుంది. గుళ్ళు బయటికి పడిపోయినా వాడ్ బారెల్‌లోనే ఇరుక్కుపోవచ్చు. గడియారం పరిగెడుతోంది కదా అని తరవాతి షెల్ కాల్చారా, ఆ అడ్డం వల్ల బారెల్ ఉబ్బొచ్చు, పగలొచ్చు కూడా. శబ్దం తేడాగా వస్తే వెంటనే ఆపి, తుపాకీ ఖాళీ చేసి, బారెల్ లోపల చూడాలి. ఆ స్టేజి పోతే పోయింది. వేళ్ళు ఉంటే వచ్చే నెల మళ్ళీ ఆడొచ్చు.

రెండో అపోహ: భుజానికి తేలికగా ఉంటే తుపాకీకి కూడా తేలికేనని. కానే కాదు. భుజం దెబ్బ బయటికెళ్ళే బరువు, వేగాలది. బారెల్ లోపలి పీడనం మందు ఎంత త్వరగా మండుతుందన్నదాన్ని బట్టి మారుతుంది. అవే 25 గ్రాములని అదే వేగంతో పంపినా, త్వరగా మండే మందు ఎక్కువ పీడనం ఇస్తుంది. మామూలు 12 గేజ్ షెల్‌కి అమెరికాలో పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 11,500 పీఎస్ఐ. తేలిక షెల్ కూడా దాని దగ్గరికి పోవచ్చు. ఇది తెలీకుండా తాతల నాటి డమాస్కస్ బారెల్‌లో "తేలికదేగా" అని పెట్టేవాణ్ణి ఏమనాలి?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. ఈ పనిలో ప్రయోగాలు చేసే హక్కు ల్యాబులో పీడనం కొలిచే పరికరం ఉన్నవాడికే ఉంది. మందు కంపెనీలు అచ్చేసే పట్టికలో ఖాళీ షెల్, ప్రైమర్, మందు, వాడ్, గుళ్ళ బరువు అన్నీ కలిపి ఒకే రెసిపీ. పరీక్షించింది ఆ మొత్తాన్ని, విడివిడిగా కాదు. ప్రైమర్ ఒక్కటి మార్చినా పీడనం మారిపోతుంది. మన భాషలో, ఒక లైబ్రరీ వెర్షన్ మార్చి టెస్ట్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లో పెట్టడం లాంటిది. కాకపోతే ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు. అలాగే మెషీన్ మందుని ఘనపరిమాణంతో కొలుస్తుంది, పట్టిక బరువు చెప్తుంది. కాబట్టి తక్కెడలో తూచాల్సిందే, చార్టుని గుడ్డిగా నమ్మకూడదు.

"సంవత్సరాలుగా చేస్తున్నాం, ఏమీ కాలేదు" అనేవాళ్ళూ ఉంటారు. బ్యాకప్ లేకుండా సంవత్సరాలు నడిచిన డేటాబేసులు మీరు చూళ్ళేదా?

చివరగా, అక్కడున్న మనవాళ్ళకి ఒక మాట. హెచ్-1బీ లాంటి నాన్ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. ముఖ్యమైన సంగతేంటంటే, ఆ చట్టం తూటాకిచ్చిన నిర్వచనంలో ప్రైమర్లు, మందు కూడా ఉన్నాయి. అంటే "నా దగ్గర తుపాకీ లేదుగా, సామాను మాత్రమే కొన్నా" అంటే కుదరదు. పట్టిక చదివే ముందు మీ వీసా కాగితం చదవండి, అనుమానముంటే లాయర్ని అడగండి.

ఆట మంచిదే, ఆడేవాళ్ళూ సరదా మనుషులే. షెల్స్ తేలికవి చేసుకోండి. పనిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.