తూచువాని త్రాసునకు ముద్ర అక్కరలేదా?

బజారులోని తూకపు రాళ్ళకు ప్రభుత్వ ముద్ర ఉండవలెనని చట్టము. తూనికలు కొలతల శాఖవారు చిన్న కొట్టునకును, పెద్ద అంగడికిని ఒకే ముద్ర వేయుదురు. అంగడి కట్టించినవాడు తానే కదా యని అతని త్రాసును మాత్రము పరీక్షింపక విడుచు ఆచారము లేదు. ఈ సామాన్య ధర్మము మన చేతిలోని స్మార్ట్‌ఫోన్ విషయమున ఎంతవరకు నిలుచుచున్నదో మన విద్యార్థులు ఆలోచింపవలెనని మా కోరిక.

2020 జూన్‌లో ఆపిల్ సంస్థ ఒక కొత్త పద్ధతిని ప్రకటించినది. ఆహార పదార్థముల పొట్లముపై పోషక విలువల పట్టిక ఉన్నట్లే, ప్రతి యాప్‌నకును గోప్యతా లేబులు ఉండవలెనని దాని సారాంశము. మన ఫోన్ నంబరు, పరిచయస్థుల చిట్టా, మనమున్న చోటు, కొనుగోళ్ళ వివరములు మొదలగువానిలో వేనిని ఆ యాప్ సేకరించునో, వానిని మన పేరుతో ముడిపెట్టునో లేదో అందు తెలుపవలెను. ఆ సంవత్సరము డిసెంబరులో ఇది యాప్ స్టోర్‌లో అమలులోనికి వచ్చినది. గూగుల్ సంస్థయు 2022లో తన ప్లే స్టోర్‌లో ఇట్టి విభాగమునే ప్రారంభించినది. పుటలకొలది నిబంధనలను చదువలేని సామాన్యునకు ఇది మేలైన ఏర్పాటే యనుటలో మాకు సందేహము లేదు.

అయితే ఆ డిసెంబరులోనే వాట్సాప్ సంస్థ ఒక ఆక్షేపణ తెలిపినది. వాట్సాప్‌ను ఎవరైనను స్టోర్ నుండియే తెచ్చుకొనవలెను. కావున దాని లేబులు ముందుగానే కంటబడును. ఆపిల్ వారి ఐమెసేజ్ ఫోన్‌తోడనే వచ్చును. దానికై స్టోర్‌నకు పోవు అవసరమే లేదు. మరి దాని లేబులును చూచునదెవరు? తన యాప్‌లకును అవే నియమములు వర్తించుననియు, స్టోర్‌లో లేనివాని వివరములను తన వెబ్‌సైటులో ఉంచెదననియు ఆపిల్ సమాధానమిచ్చినది.

ఈ సమాధానము కాగితముపై సమానత్వము, ఆచరణలో కాదు. లేబులు విలువ అందలి అక్షరములలో కంటె అది కనబడు సమయములో ఎక్కువగా ఉన్నది. తీసుకొందమా, మానుదమా యని తలపోయు క్షణమున కనబడినదే హెచ్చరిక. ఒకని లేబులు గుమ్మములోనే ఎదురగుచుండగా, మరియొకనిది వెదకినవారికి మాత్రమే దొరకుచున్నచో ఆ రెండును ఒకే నియమమని యెట్లనగలము?

ఆక్షేపించినవాడు మాత్రము నిర్దోషియా యని కొందరు అడుగవచ్చును. వాట్సాప్ మెటా (నాటి ఫేస్‌బుక్) సంస్థ సొత్తు. ప్రజల వివరముల ఆధారముగా ప్రకటనల వ్యాపారము నడుపు సంస్థ అది. దాని ఫిర్యాదులో స్వలాభము లేదని మేము అనము. కాని ఫిర్యాదీ గుణదోషములు వేరు, ఫిర్యాదులోని న్యాయాన్యాయములు వేరు.

ఇంకొక చిక్కు నిర్వచనములో ఉన్నది. ఒక సంస్థ తన యొద్దనున్న వివరములను ఇతర సంస్థల వివరములతో కలిపి ప్రకటనలకు వాడుటనే ఆపిల్ నియమములు ముఖ్యముగా ‘ట్రాకింగ్’ అనుచున్నవి. ఫోను, దుకాణము, ఖాతా అన్నియు తనవే అయిన సంస్థ తన వివరములను తనలో తాను కలుపుకొనిన అది ట్రాకింగ్ కాదు! ట్రాకింగ్‌కు ముందు అనుమతి అడుగవలెనని 2021లో వచ్చిన నియమమునకును ఇదే నిర్వచనము. 2025 ఫిబ్రవరిలో జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ తన ప్రాథమికాభిప్రాయములో ఈ అసమానతనే ఎత్తిచూపినది. మార్చిలో ఫ్రాన్సు నియంత్రణ సంస్థ ఆపిల్‌పై 15 కోట్ల యూరోల జరిమానా విధించినది. గోప్యతను కాపాడు ఉద్దేశమును అది తప్పుపట్టలేదు. అమలు జరిపిన తీరునే తప్పుపట్టినది.

ఇది పరదేశముల తగవని మనము ఊరకుండ వీలులేదు. మన దేశమున అత్యధికుల చేతులలో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు. గూగుల్ యాప్‌లు అనేకము వానిలో ముందే అమర్చబడి వచ్చుచున్నవి. ఇట్లు ముందుగా అమర్చుటయు ఒక కారణముగా 2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టము, సమ్మతి కోరు నోటీసును ఇంగ్లీషులో గాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొను వీలు కల్పింపవలెనని శాసించినది. మన కళాశాల రెండు కన్నులైన తెలుగును, ఉర్దూయు ఆ షెడ్యూలులో ఉన్నవి.

కావున మా అభిప్రాయమున మూడు మార్పులు అవసరము. ముందే అమర్చిన యాప్‌ను మొదటిసారి తెరచినపుడు దాని లేబులు తెరపై తప్పక కనబడవలెను. ఒకే సంస్థ తన యాప్‌ల వివరములను తనలో కలుపుకొనుటయు లేబులులో స్పష్టముగా చెప్పవలెను. ఈ లేబుళ్ళలోని మాటలు తయారీదారులు తమ్ము గూర్చి తాము చెప్పుకొనునవే గనుక, వాని నిజానిజములను దుకాణపు యజమాని గాక వేరొక స్వతంత్ర సంస్థ పరీక్షింపవలెను.

నియమము చేయువాడు దానికి తాను ముందుగా లోబడినపుడే ఇతరులను శాసించు అర్హత అతనికి కలుగును. రేపు ఈ యాప్‌లను నిర్మింపబోవు వారిలో మన విద్యార్థులును ఉందురు. వారు ఈ మాటను మరువకుందురని మా ఆశ.