నీలిరంగు మాత్రను పారవేసే ముందు

ఆ రోజు నేనొక బడిలో ఉన్నాను. పిల్లలకు వారానికొకసారి ఇనుము మాత్రలు ఇచ్చే రోజది. మధ్యాహ్న భోజనాలు అయిన తర్వాత పంతులుగారు పేర్లు పిలిచి, ఒక్కొక్కరి చేతిలో ఒక నీలిరంగు మాత్ర పెట్టారు. పిల్లలందరూ కుళాయి దగ్గరకు పరుగెత్తారు. కాసేపటికి నేనూ చేతులు కడుక్కుందామని అక్కడికి వెళ్ళాను. కుళాయి కింద బురదలో నీలిరంగు చారలు కనిపించాయి. లెక్కపెడితే పదకొండు మాత్రలు!

పక్కనే నిలబడ్డ తొమ్మిదో తరగతి అమ్మాయి తలవంచుకుంది. "అది వేసుకుంటే కడుపులో తిప్పుతుందండీ. మా అక్కకు వాంతి కూడా అయింది" అన్నది.

"మరి నీకు నీరసంగా ఉండదా, అమ్మా?" అని అడిగాను.

"ఉంటుందండీ. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అందుకే మా అమ్మ బజారులో టానిక్కు కొన్నది. అది తియ్యగా ఉంటుంది. కడుపుకు ఏమీ చెయ్యదు."

మిత్రులారా, ఈ చివరి మాట గురించే ఇవాళ మీతో మాట్లాడదలచాను. మనలో చాలామంది టానిక్కులనూ, మాత్రలనూ, పుష్టి పొడులనూ ఎంచుకునేటప్పుడు చూసేది ఇదే: కడుపుకు ఏమీ చెయ్యదు గదా! నా అభిప్రాయంలో ఈ కొలత సరిపోదు. కడుపును బాధించనిదల్లా మేలు చేస్తుందని అనుకోవద్దు. కాస్త బాధించినదల్లా చెడ్డదనీ అనుకోవద్దు. ఎందుకో చూద్దాం.

మన రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్. ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులు ఉంటాయి. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకుని ఒళ్ళంతా మోసుకుపోయేది ఈ ఇనుమే. ఇనుము చాలకపోతే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. అప్పుడు ఆయాసం, నీరసం వస్తాయి, పాఠం మీద మనసు నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి, మగపిల్లల్లో నూటికి 31 మందికి రక్తహీనత ఉంది. మీ తరగతిలో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క వేసుకోండి. ఇది ఎవరి సంగతో కాదని తెలుస్తుంది.

మరి ఇంత మేలు చేసే ఇనుము కడుపును ఎందుకు తిప్పుతుంది? మాత్ర కడుపులో కరగగానే ఇనుప లవణం జీర్ణాశయపు లోపలి పొరను రేపుతుంది. అందుకే వికారం. ఆ ఇనుమును మన శరీరం ముఖ్యంగా చిన్నప్రేగు మొదటి భాగంలో పీల్చుకుంటుంది. అదైనా కొంత మాత్రమే. మిగిలినది పెద్దప్రేగులోకి పోతుంది. దానివల్ల కొందరికి మలబద్ధకం, కొందరికి విరేచనం అవుతుంది. మలం నల్లగా వస్తుంది. మాత్ర వేసుకున్నాక వచ్చే ఈ నలుపు జబ్బు కాదు, ప్రేగులు పీల్చుకోని ఇనుము రంగు. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే ఏ పిల్లయినా భయపడుతుంది, మాత్రను పారవేస్తుంది. అందుచేత కుళాయి దగ్గరి తప్పు ఆ పదకొండు మందిదే అని నేను అనను. "వేసుకో" అని చెప్పి ఊరుకున్న పెద్దలం మేము. ఏమవుతుందో, ఎందుకవుతుందో చెప్పి ఇవ్వడం మా బాధ్యత.

ఇక బజారు సీసాల సంగతి. ఏది కొన్నా ముందుగా చీటీ చదవండి. చీటీ మీద లవణం బరువు ఒకటి, అందులోని అసలు ఇనుము బరువు మరొకటి. 300 మిల్లీగ్రాముల సాధారణ ఫెర్రస్ సల్ఫేటులో ఉండే ఇనుము సుమారు 60 మిల్లీగ్రాములే. ఫెర్రస్ ఫ్యూమరేటులో దాదాపు మూడో వంతు ఇనుము ఉంటుంది. ఫెర్రస్ గ్లూకోనేటులో ఎనిమిదో వంతు కూడా ఉండదు. కాబట్టి "దీనితో కడుపు నొప్పి లేదు" అని మురిసే ముందు "ఇందులో ఇనుము ఎంత?" అని అడగాలి. కడుపుకు హాయిగా ఉండడానికి కారణం ఇనుము తక్కువగా ఉండడమే కావచ్చు.

కడుపులో కరగకుండా పైపూత పూసిన మాత్రలూ ఉన్నాయి. వాటితో వికారం తక్కువే. కాని ఆ పూత కరిగేసరికి మాత్ర ఇనుమును బాగా పీల్చుకునే చోటు దాటిపోవచ్చు. దిగవలసిన స్టేషను దాటాక బండి దిగినట్లన్న మాట!

మనం తిన్నదంతా మనకు అందదు, ప్రేగులు పీల్చుకున్నదే అందుతుంది. దీనికి మన తెలుగువాడి జీవితమే సాక్ష్యం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే జబ్బు బలిగొన్నది. ఆయన కూడా దాని బారిన పడి కోలుకున్నారు. ఆ జబ్బులో చిన్నప్రేగు పోషకాలను పీల్చుకోలేదు. మనిషి తింటూనే చిక్కిపోతాడు. తర్వాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. మీ చేతిలోని నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, ఇదీ దాని లెక్క. బురదలో పారేసింది ఏమిటో చూచారా?

"రోజూ వేసుకోకుండా వారానికొకటి చాలునా?" అని మీరు అడగవచ్చు. శరీరానికి ఒక కాపలాదారు ఉన్నాడు. కాలేయంలో తయారయ్యే ఆ పదార్థం పేరు హెప్సిడిన్. ఇనుము మోతాదు లోపలికి పోగానే హెప్సిడిన్ పెరిగి, ఇక చాలని ప్రేగుల తలుపులు కొంత మూస్తుంది. మరునాడు వేసుకున్న మాత్రలోంచి శరీరం తక్కువ ఇనుము తీసుకుంటుందని 2015లో స్విట్జర్లాండులోని శాస్త్రజ్ఞులు కొలిచి చూపారు. పీల్చుకోనిది కడుపును కష్టపెట్టడానికే మిగులుతుంది. కాబట్టి ఎడం ఇచ్చి వేసుకోవడంలో అర్థం ఉంది. ఒక వారం తప్పిపోయిందని మరుసటి వారం రెండు మింగకూడదు. అయితే జబ్బు తీవ్రంగా ఉన్నవారికి వారానికొకటి చాలదు. వారికి డాక్టరు చెప్పినదే లెక్క.

కడుపు సున్నితంగా ఉన్నవారు ఏం చెయ్యాలి? పరగడుపున వేసుకోవద్దు. మధ్యాహ్నం అన్నం తిన్నాక సుమారు గంటకు, గ్లాసెడు నీళ్ళతో, నమలకుండా మింగండి. ఖాళీ కడుపున ఇనుము ఎక్కువ పడుతుందన్నది నిజమే. కాని పారవేసిన మాత్రలోంచి పట్టేది సున్న గదా! టీతో, పాలతో కలిపి వేసుకోవద్దు. అవి ఇనుమును అందనివ్వవు. భోజనంలో నిమ్మరసం పిండుకోండి, లేదా జామకాయో ఉసిరికాయో తినండి. వాటిలోని సి విటమిను ఇనుమును ప్రేగులు పీల్చుకునే రూపంలోకి మారుస్తుంది. ఆకుకూరల్లోని ఇనుముకు కూడా ఈ సాయం కావాలి.

నులిపురుగుల మందును మరిచిపోవద్దు. బడుల్లో ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకే. కొంకిపురుగులు ప్రేగును పట్టుకుని రక్తం పీలుస్తూ ఉంటే, ఎన్ని ఇనుము మాత్రలు వేసుకున్నా చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. తలసీమియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇనుము వేసుకోకూడదు. ఈ మాత్రలను ఇంట్లో పసిపిల్లలకు అందనివ్వకండి. రంగు చూచి పిప్పరమెంటు బిళ్ళలనుకుని గుప్పెడు మింగితే ప్రాణం మీదకు వస్తుంది. అన్నం తిన్నాక వేసుకున్నా ప్రతిసారీ వాంతి అవుతుంటే, ఊరుకోక మీ పంతులుగారికో, ఊరి నర్సమ్మగారికో చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, లవణం మార్చవచ్చు, మందునీళ్ళ రూపంలో ఇవ్వవచ్చు. దారులున్నాయి. వాటిని వెతకాలంటే మీరు చెప్పాలి. దొంగచాటుగా పారేస్తే ఎవరికి తెలుస్తుంది?

"మంచి తిండి ఉంటే మాత్రలెందుకు?" అనే పెద్దలతో నాకు తగవు లేదు. తిండే మొదటిది. కాని ఎదిగే వయసులో, అందులోనూ నెలనెలా రక్తం పోయే ఆడపిల్లలకు, పళ్ళెంలో ఎక్కువ భాగం తెల్లన్నమే అయినప్పుడు ఆ లోటు తీరదు. పళ్ళెం మారే వరకు మాత్ర కావాలి.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. "నల్లగా అవుతుందని ముందే చెప్తే భయపడేదాన్ని కాదు గదండీ!" అన్నది. వచ్చే వారం మీ బడిలో మాత్రలిచ్చే రోజున, మీ పక్కనున్న నేస్తానికి ఈ ఒక్క సంగతి మీరు ముందే చెప్పండి. కుళాయి కింద ఒక మాత్రయినా తగ్గుతుంది.