చూసి ఊరుకున్న పిల్లల్ని కూడా అడగండి

అన్నలారా, తమ్ముళ్ళారా, ఈ రోజు యూరియా గురించీ పత్తి రేటు గురించీ కాదు, పిల్లల గురించి రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

బళ్ళో ఒక పిల్లాణ్ణి నలుగురు చేరి ఏడిపించారంటే, ఏడిపించినోళ్ళ గురించి మాట్లాడతాం, ఏడ్చినోడి గురించి మాట్లాడతాం. చుట్టూ నిలబడి చూసిన పదిమంది సంగతి ఎవరూ ఎత్తరు. మన పిల్లలు ఎక్కువగా ఉండేది ఆ పదిమందిలోనే.

మా పక్క వీధిలో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఉంది. సోమవారం వస్తే కడుపునొప్పి అనేది. ఆర్ఎంపీ మాత్రలిచ్చాడు, తగ్గలేదు. చివరికి వాళ్ళ నానమ్మ దగ్గర బయటపెట్టింది. తన క్లాసు పిల్లాణ్ణి 'అప్పులోడి కొడకా' అని పిలుస్తున్నారట, బస్సు కిటికీలోంచి వాడి సంచి బయటికి విసిరేశారట. ఈ పిల్లని ఎవరూ ఏమీ అనలేదు. "చూసి కూడా మాట్లాడలేదు నానమ్మా" అని ఒకటే ఏడుపు. (ఆ 'అప్పులోడు' అన్న మాట పిల్లలకు ఎవరు నేర్పారంటారు? మన అరుగుల మీద నుంచి పోయిందే కదా.)

ఆ పిల్ల పిరికిదంటే నేనొప్పుకోను. రాత్రిపూట ఎవడో కాలవకు గండి కొట్టి నీళ్ళు మళ్ళించుకుంటే చూసినోళ్ళం నోరెత్తం. తెల్లారి చివరి మడి ఎండినోడి దగ్గరికెళ్ళి అయ్యో అంటాం. "మనకెందుకు, నీ చదువు నువ్వు చూసుకో" అని ఇంట్లో చెప్పేదీ మనమే.

టొరంటోలో బడి ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి గమనించిన పరిశోధన ఒకటి 2001లో అచ్చయింది. ఏడిపించిన సంఘటనల్లో 88 శాతం తోటి పిల్లల ముందే జరిగాయి. వాళ్ళు అడ్డుపడింది 19 శాతంలోనే. కానీ అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు 10 సెకన్లలో ఆగిపోయింది. 10 సెకన్లంటే మోటారు వేశాక నీళ్ళు పైపు చివరికి వచ్చేంత సేపు కూడా కాదు.

మధ్యలో దూరితే మనోణ్ణి కూడా కొడతారు అంటారా? నిజమే, కొట్టొచ్చు. అందుకే కలబడమని చెప్పొద్దు. విసిరేసిన సంచి తెచ్చివ్వమనండి. మర్నాడు బస్సులో వాడి పక్కన కూర్చోమనండి. ముగ్గురు కలిసి టీచరుకు చెప్పమనండి. ఒకణ్ణి తన్నించడానికి చెప్పేది చాడీ, ఒకణ్ణి కాపాడ్డానికి చెప్పేది చాడీ కాదు. ఈ తేడా మనం విడమరిచి చెప్పకపోతే పిల్లలకు తెలీదు.

"నిన్నెవరైనా ఏమన్నా అన్నారా?" అని అడుగుతుంటాం కదా, ఈసారి "ఇంకెవరినైనా ఏడిపిస్తున్నారా?" అని కూడా అడగండి. నేను ఊరుకున్నాను నాన్నా అంటే తిట్టొద్దు, తిడితే ఇంకోసారి చెప్పడు. మీరే వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడండి, మీ పిల్లాడి పేరు బయటికి రానీకండి. అక్కడ పట్టించుకోకపోతే 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు.