మీటరు నిండితే మృగమేనా?

జపాన్‌కు చెందిన హడ్సన్ సాఫ్ట్, ఎయిటింగ్ సంస్థలు 1997లో తెచ్చిన ఫైటింగ్ గేమ్ 'బ్లడీ రోర్'. యూగో తోడేలవుతాడు, లాంగ్ పులి, గాడో సింహం. ఆలిస్ మాత్రం కుందేలు. పోట్లాటలో మీటరు నిండగానే బటన్ నొక్కితే కోరలు, గోళ్లు వచ్చేస్తాయి. దెబ్బలు తిని మీటరు ఖాళీ అయితే మళ్లీ మనిషే. ఆడేవాడికి మజా ఉంటుంది, కాదనను. కానీ అక్కడ మృగానికున్న పని ఇంకాస్త గట్టిగా కొట్టడమే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పిల్లలకు ఇంతకన్నా పదునైన నరసింహుడి కథ గేమ్‌ల కంటే ముందే తెలుసు. కొల్లాపూర్ దగ్గరి సింగోటంలో సంక్రాంతికి జాతర జరిగేది ఆ నరసింహుడికే.

హిరణ్యకశిపుడి వరం ఒక్కసారి గేమ్ తయారుచేసేవాడి కళ్లతో చూడండి. పగలూ రాత్రీ, ఇంటా బయటా చావు రాకూడదు; మనిషి చేతిలో, మృగం చేతిలో, ఆయుధంతో రాకూడదు. జవాబుగా వచ్చినవి సందెవేళ, గడప, నరసింహ రూపం, గోళ్లు. ఇక్కడ రూపం మారడం బలం పెంచుకోవడానికి కాదు, తాళానికి సరిపడే తాళంచెవి కావడానికి. అసలు విశేషం తర్వాతి కథలో ఉంది. శత్రువు చచ్చినా కోపం దిగని స్వామి నల్లమలలో చెంచు పిల్లను చూసి శాంతించాడని చెబుతారు. కృష్ణకు ఇవతల అమ్రాబాద్ అడవుల్లో నేటికీ చెంచులున్నారు. అవతల అహోబిలంలో ఆయన వాళ్లింటి అల్లుడు. మృగాన్ని రప్పించడం కన్నా దించడమే కష్టమన్న ఈ ముక్క జపాన్ గేమ్‌కు తట్టలేదు. 2025లో 'మహావతార్ నరసింహ' యానిమేషన్ సినిమాకు జనం విరగబడ్డారు కాబట్టి ఈ కథతో గేమ్ చేస్తే ఆదరణ ఉండదన్న బెంగ అక్కర్లేదు. గేమింగ్‌కు తెలంగాణ ప్రభుత్వం 2016లోనే 'ఇమేజ్' పేరిట విధానం ప్రకటించింది. కావలసింది మన కథ మీద మనకు గురి.

దేవుణ్ని ఆటబొమ్మ చేస్తారా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. తంజావూరు జిల్లా మెలట్టూరులో నరసింహ జయంతికి తెలుగులోనే ఆడే ప్రహ్లాద నాటకంలో సింహ ముఖానికి పూజ చేస్తారు. వేషగాడు ఉపవాసముండి దాన్ని తొడుక్కుంటాడు. ఆవేశం మీరితే పట్టుకోవడానికి పక్కన మనుషులుంటారు. అంటే వేషం కట్టడం తప్పు కాదు, కట్టే తీరుకు కట్టుబాటు ఉండాలి. నరసింహుణ్ని కంట్రోలర్‌కు అప్పగించవద్దు. ఆడేవాడికి చెంచు పిల్ల పాత్ర ఇచ్చి, నిండిన మీటరును దించడమే ఆటగా పెడితే సరి. కొట్టుకోకపోతే కొనేదెవరని వ్యాపారులు అడగొచ్చు. స్తంభం చీల్చుకుని నరసింహుడు వచ్చాక జరిగే యుద్ధం వాళ్లకు చాలు.