ఫ్యాక్సు చీటీ బట్వాడాకు రుజువు కాగలదా?

“ఫ్యాక్సు పంపినాము, చీటీ వచ్చినది, ఇక మా బాధ్యత తీరినది” అనే మాట మన కార్యాలయాలలో చాలాకాలంగా వినబడుతున్నది. నోటీసు ఇచ్చిన అధికారీ ఆ మాటే అంటాడు, అప్పీలు పంపిన మన బ్రాంచి కార్యదర్శీ ఆ మాటే అంటాడు. ఫ్యాక్సు వాడుక నేడు బాగా తగ్గినది గదా, ఇప్పుడీ చర్చ దేనికని కొందరు మిత్రులు అడుగవచ్చును. ఫ్యాక్సు కాలంలో మొదలైన సర్వీసు వివాదాలన్నీ ముగిసిపోలేదు. అంతకు మించి, ఈ-మెయిలు గురించీ వాట్సాప్ నీలిగీతల గురించీ రాబోయే తగాదా అంతా ఈ చీటీ తగాదాకు కొనసాగింపే. కనుక మా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా చెప్పదలచినాము. ఆ చీటీ పంపినందుకు సాక్ష్యం. ముట్టినందుకు రుజువు కాదు.

చీటీలో ఏమున్నదో ముందు చూడవలెను. తేదీ, సమయం, పిలిచిన నంబరు, అవతలి యంత్రం తన గుర్తుగా తెలిపిన నంబరు, పుటల సంఖ్య, పట్టిన కాలం, చివర ‘ఓకే’. పుటలు వెళ్ళిన తరువాత అవతలి యంత్రం ‘అందినది’ అని ఒక సంకేతం తిరిగి పంపును. అది వచ్చినందువల్లనే ‘ఓకే’ అచ్చగును. కాబట్టి ఇది బొత్తిగా విలువలేని కాగితమేమీ కాదు. కాని ఆ తేదీ, సమయం పంపినవాని యంత్రంలోని గడియారం చెప్పినవే. దానిని ఎవరైనా ముందుకో వెనుకకో మార్చవచ్చును. అవతలి యంత్రం చెప్పే నంబరు కూడ దాని యజమాని ఎక్కించి పెట్టినదే. అవతల కాగితం అయిపోతే సందేశం మెమరీలోనే నిలిచిపోవచ్చును. అయినా ‘ఓకే’ వచ్చును. పుటను తిరగవేసి పెట్టినచో తెల్లకాగితం వెళ్ళును, దానికీ ‘ఓకే’యే. మొదటి పుట బొమ్మను చీటీ మీదనే అచ్చువేసే యంత్రాలు కొన్ని ఉన్నవి, అవి కొంత మేలు. మిగిలినవి ఎన్ని పుటలు వెళ్ళినవో చెప్పును గాని, ఏమి వెళ్ళినదో చెప్పవు.

రైల్వే సోదరులకు దీనిని వేరే వివరించనక్కరలేదు. గేటు మూసినానని గేట్‌మ్యాన్ ఫోనులో అన్నంత మాత్రాన స్టేషన్ మాస్టరు సరిపెట్టుకొనడు. ప్రైవేటు నంబరు తీసుకొని వ్రాసుకొనును. షీటులోని ఆ అంకెలకు వరుస ఉండదు గనుక ఊహించి చెప్పుటకు వీలు లేదు. కాషన్ ఆర్డరుకు లోకో పైలట్ సంతకం ఉండవలెను. తీగ పనిచేసినదన్నది అక్కడ సాక్ష్యం కాదు. ఒక మనిషి విన్నాడు, బాధ్యత తీసుకొన్నాడు అన్నదే సాక్ష్యం. తపాలా సోదరుల పద్ధతి అంతకంటె పాతది. అక్నాలెడ్జిమెంటు కార్డు మీద చిరునామాదారు సంతకం, లేదా ‘తలుపు తాళం’, ‘తీసుకొనుటకు నిరాకరించెను’, ‘ఊరు విడిచెను’ అని తేదీతో పోస్టుమ్యాన్ వ్రాసిన మాట. ఆ వ్రాతను ఎవరైనా కాదన్నచో పోస్టుమ్యాన్ బోనెక్కి సమాధానం చెప్పగలడు. ఫ్యాక్సు యంత్రాన్ని బోనెక్కించి అడిగేదెవరు?

మా అనుభవం ఒకటి చెప్పవలసి యున్నది. 1990ల చివరలో ఒక డివిజనులో ఉద్యోగం నుండి తొలగించబడిన ఒక సోదరుని అప్పీలును గడువులో ఆఖరుదైన 45వ రోజున, ఊరిలోని ఎస్.టి.డి. బూత్ నుండి ఫ్యాక్సు చేయించినాము. ‘ఓకే’ చీటీ చేతికి వచ్చినది, సంతోషించినాము. మరుసటి నెలలో ‘అప్పీలు గడువులోగా అందలేదు’ అని జవాబు వచ్చినది. కేసు ట్రిబ్యునలులో విచారణకు వచ్చేనాటికి మూడేండ్లు గడచినవి. ఫైలు తెరచి చూడగా చీటీ తెల్లగా ఉన్నది. అది వేడికి నల్లబడే రకం కాగితం. కాలం గడచిన కొలదీ అక్షరాలు వెలిసిపోవును. ఆ రోజే ఛాయాప్రతి తీయించి ఉంచవలెనన్న ఇంగితం మాకు లేకపోయినది. ఆలస్యాన్ని మన్నించమని వేడుకొని మాత్రమే ఆ అప్పీలును నిలబెట్టుకొనగలిగినాము. ఆ మూడేండ్లు ఆ ఇంట జీతం లేదు. తప్పంతా కార్యాలయానిదే అని మేము అనజాలము.

చట్టం సంగతి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను ప్రకారం, సరైన చిరునామా వ్రాసి, రుసుము చెల్లించి, రిజిస్టర్డ్ పోస్టులో వేసిన పత్రం, వ్యతిరేకం రుజువైతే తప్ప, మామూలుగా చేరవలసిన సమయానికి చేరినట్లే భావించబడును. ఈ గౌరవం తపాలాకు ఊరక రాలేదు; సార్టింగు నుండి బీటు వరకు మన సోదరుల చేతివ్రాత దాని వెనుక ఉన్నది. ఫ్యాక్సు ఆ సెక్షనులో లేదు. పాత సాక్ష్యచట్టం స్థానే 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినది. యంత్రం నుండి తీసిన ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టదలచినచో దాని 63వ సెక్షను కోరే ధ్రువపత్రం జతపరచవలెను. మూతపడిన ఎస్.టి.డి. బూత్ యజమానిని ఎక్కడ వెతికి ఆ ధ్రువపత్రం తేగలము?

అయితే ఫ్యాక్సు చెల్లదని కోర్టులు అనలేదు. చెక్కు చెల్లనప్పుడు ఇవ్వవలసిన నోటీసును ఫ్యాక్సు ద్వారా ఇవ్వవచ్చునని 1999లో ఎస్.ఐ.ఎల్. ఇంపోర్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ తీర్పు వలన నష్టపోయినది నోటీసు పంపినవారే! వారు 1996 జూన్ 11న ఫ్యాక్సు పంపి, మరునాడు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపినారు. పోస్టు జూన్ 25న ముట్టినది. ఆ తేదీ నుండి లెక్కించుకొని ఆగస్టు 8న ఫిర్యాదు వేసినారు. గడువు ఫ్యాక్సు నాటి నుండే మొదలైనదని చెప్పి కోర్టు దానిని కొట్టివేసినది. ‘మా ఫ్యాక్సు మీకు ముట్టినది’ అని మనం వాదించిన ప్రతిసారీ, గడువు ఆనాటి నుండే నడచునని కూడ ఒప్పుకొనుచున్నాము. సమ్మె నోటీసు ఇచ్చిన పిదప 14 రోజులు ఆగవలెనన్న నిబంధన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండెను. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉన్నది. ఆ 14 రోజుల లెక్కను ఒక చీటీకి వదలివేయరాదు.

క్రమశిక్షణ కేసులలో మాత్రం మన స్థానం గట్టిది. తపాలా సోదరులకు వర్తించే 1965 నాటి నియమావళి 30వ నియమం, 1968 నాటి రైల్వే నియమావళిలోని తత్సమాన నియమం, ప్రతి ఉత్తర్వునూ నోటీసునూ ఉద్యోగికి స్వయంగా ఇవ్వవలెననీ లేదా రిజిస్టర్డ్ పోస్టు ద్వారా తెలుపవలెననీ చెప్పుచున్నవి. మనిషి దొరకలేదన్న వ్రాతతో తిరిగివచ్చిన ఛార్జిషీటు ఇచ్చినట్లు కాజాలదని 1998లో ఒక కేంద్రప్రభుత్వ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించినది. రిజిస్టర్డ్ కవరుకే ఆ గతి పట్టినపుడు, డిపోలో ఒక మూలనున్న యంత్రానికి వెళ్ళిన కాగితం రన్నింగ్ డ్యూటీలో ఉన్న ఉద్యోగికి ముట్టినదని ఏకపక్ష విచారణ జరుపుట ఎట్లు న్యాయమగును?

2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనది. నియమాలలోని ‘రిజిస్టర్డ్ పోస్టు’ అన్న మాటకు కొత్త అర్థం చెప్పే నెపంతో ‘యంత్రం ఓకే అన్నచో చాలు’ అన్న వ్యాఖ్యానం లోనికి రాకుండ చూడవలసిన బాధ్యత మన ఫెడరేషనుది. యంత్రం ద్వారా పంపుటకు మేము వ్యతిరేకులము కాము. స్వీకరించినవారి పేరు, హోదా, ఇన్‌వర్డ్ నంబరు తిరిగి రానిదే బట్వాడా అయినట్లు భావించరాదని మాత్రమే కోరుచున్నాము. ఇది రెండు పక్షాలకూ వర్తించవలెను. మనమూ ఫ్యాక్సుతోనో మెయిలుతోనో ఆగక, ఆ రోజే స్పీడ్ పోస్టులో ప్రతిని పంపి, ఫోను చేసి ఇన్‌వర్డ్ నంబరు వ్రాసుకొనవలెను. నడుస్తున్న కేసుల ఫైళ్ళలో పాత చీటీలు ఉన్న బ్రాంచి కార్యదర్శులు, అక్షరాలు కనబడుచున్నంతలోనే వాటికి ఛాయాప్రతులు తీయించి, పంపిన పుటలతో కలిపి కుట్టి ఉంచగలరు.